ఎదగని చేపలు

నా చిన్నప్పుడు మేము నాంపల్లి స్టేషన్ వెనక సందులో, ఒంటిగది కిరాయింట్లో ఉండేవాళ్లం. ఐదుగురు పిల్లల్లో నేనే పెద్దదాన్ని, నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఆబిడ్స్‌లో నాన్న పనిచేసే ప్రెస్సు మూతపడ్డాక ఇంట్లో పొయ్యి ఒక్కపూటే వెలిగేది. అమ్మ గంజిలో నీళ్లు పెంచుకుంటూ పోయింది. ఏడాది దాటినా చిన్నతమ్ముడు నిలబడలేకపోయేవాడు.

పక్కింటి అక్క ఫిషరీస్ ఆఫీసులో పనిచేసేది. ఊరి బయటి జలాశయంలో వలలు వేయించి, పడిన చేపల పొడవూ బరువూ చూసి, అవి సరిగా పెరుగుతున్నాయో లేదో కనిపెట్టడం ఆమె ఉద్యోగం. ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆమె కొన్ని జిలేబి చేపలు తెచ్చి అమ్మకిచ్చింది. అన్నీ నా అరచేతిలో పట్టేంతవే. తలలు పెద్దవి, ఒళ్లు సన్నం. చేపపిల్లలేమో అనుకుంది అమ్మ. కోసి చూస్తే కడుపునిండా గుడ్లు.

"పిల్లలు కావు వదినా, పెద్దయే. నీళ్లు తగ్గినయ్, చేపలు మస్తయినయ్. తిండి సాలక ఒక్కటి గూడ ఎదుగుతలేదు. కొన్నిటిని తీసేస్తెనే మిగిలినయి పెరుగుతయ్" అంది అక్క.

అమ్మ కత్తిపీట మీంచి తల ఎత్తకుండానే, "మా ఇల్లు గూడ గట్లనే ఉంది" అంది.

ఊరికే అన్న మాట అది. నాకు మాత్రం తీర్పులా వినిపించింది. ఎవరిని తీసేయాలి? అందరికంటే ఎక్కువ తినేదాన్ని నేనే కదా.

మర్నాడు నా రెండో గౌను చెల్లెలి బట్టల్లో పెట్టి, ఎవరికీ చెప్పకుండా స్టేషన్‌కి వెళ్లాను. ఏ బండి ఎక్కడికి పోతుందో తెలీదు. ఎదురుగా ఆగిన బండి మెట్టు మీద కాలు పెట్టాను. వెనక నుంచి ఎవరో జబ్బ పట్టి దించారు. జలాశయం నుంచి రైల్లో తిరిగొస్తున్న పక్కింటి అక్క!

"ఏడికే ఒక్కదానివి?"

"నన్ను తీసేస్తె తమ్ముళ్లు పెరుగుతరు గద అక్కా."

అక్క చేతిలోని సంచి జారిపోయింది. ప్లాట్‌ఫారం మీదే కూలబడి, నన్ను ఒళ్లోకి లాక్కుని ఏడ్చింది. కొంగుతో కళ్లు తుడుచుకుని అంది:

"చేపలకు గట్టు దాటే తొవ్వ లేదు బిడ్డా. ఇంకో చెరువును అడగనీకి నోరు లేదు. మనకు నోరుంది. గోడకవతల నేనున్న. మీరు పస్తులుంటున్నరని నాకు తెల్వకపాయె. జర చెప్పొద్దా?"

సంగతి విన్న అమ్మ నా వీపు మీద ఒక్కటేసింది. వెంటనే హత్తుకుని, "ప్రభువా, నా నోరు పడిపోను" అని కుమిలిపోయింది. ఆ సాయంత్రం నుంచి అక్క ఇంట్లో మాకూ అన్నం ఉడికేది. నాన్న సిగ్గు విడిచి ఉస్మాన్‌గంజ్‌లో మూటలు మోయడానికి వెళ్లాడు.

అయినా ఆలస్యమైపోయింది. వానలు పడకముందే చిన్నతమ్ముడు దవాఖానలో పోయాడు. తరవాత ఆ జలాశయంలో చేపల్ని తగ్గించారనీ, మిగిలినవి బాగా పెరిగాయనీ అక్క చెప్పింది. మా ఇంట్లోనూ ఒక నోరు తగ్గింది. కానీ వాడి వాటా అన్నం మాలో ఎవరికీ గొంతు దిగలేదు.

ఇప్పుడు నాకు మనవలున్నారు. "ఇంట్ల మంది ఎక్కువైన్రు" అని నవ్వులాటకైనా ఎవరన్నా అనబోతే, నేను ముందు చుట్టూ చూస్తాను, పిల్లలెవరైనా వింటున్నారేమోనని.