మాట్లాడని టాపెట్లు

మా బావ పాత కార్ల ఇంజన్లు బాగుచేస్తాడు. వాల్వుల్ని నొక్కి తెరిచే టాపెట్ల సందును అందరిలా రేకు దూర్చి కొలవడు. ఇంజన్ నడుస్తుండగానే తల వంచి, చెవితో విని సరిచేస్తాడు. "టాపెట్టు సన్నగా మాట్లాడాలిరా. మూగబోయిందంటే వాల్వు కాలిపోతుంది" అంటాడు. పక్కనే పనిచేసే నాకు ఆ పాఠం విని విని విసుగెత్తింది.

డాక్టరమ్మ గారి పాత కారు మళ్లీ వెనక్కొచ్చింది. "ఇది కారా, గులకరాళ్ల డబ్బానా? ఇంకోసారి ఇలాగైతే వేరే షెడ్డుకిచ్చేస్తాను" అని ఆవిడ మొహం మీదే చెప్పి వెళ్లిపోయింది. బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ కారు మీద బావ ఇంతవరకూ ఇంకొకరిని చెయ్యి వెయ్యనివ్వలేదు మరి.

ఆయిల్ మార్చాడు. ఫ్యాన్ బెల్టు విప్పి చూశాడు. "టాపెట్లు ఇంకాస్త వదులు చేస్తేగానీ మాటే వినపడట్లేదు, ఆవిడకి మోత ఎక్కడిదిరా?" అని బుర్ర గోక్కున్నాడు. నాకూ అంతుపట్టలేదు.

"ఈమధ్య అందరూ నామీద అరిచేవాళ్లే. మీ అక్కయితే అన్నానికి పిలిచినా అరుపే. నేనేం తప్పు చేశానో చెప్పదు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మా అక్క నోట్లో నాలుక లేని మనిషి.

ఇంజన్ ఆపి నా రేకు దూర్చాను. ఆడుతూ పాడుతూ జారిపోయింది, సందు అంత వదులుగా ఉంది. "నీ రేకు అరిగిపోయింది" అన్నాడు. పక్క షెడ్డు నుంచి కొత్తది తెచ్చాను. అదీ అంతే. ఇక అడక్కుండానే రేకు ప్రకారం అన్నీ బిగించి స్టార్ట్ చేశాను. టిక్కు టిక్కుమని సన్నటి చప్పుడు, ఎంత హాయిగా ఉందో!

బావ వంగాడు. ఇంకా వంగాడు. "మూగబోయాయి కదరా! వాల్వులు కాలిపోతాయి, వదులు చెయ్యి!"

టీ తెచ్చిన అక్క అతని వెనక నిలబడి "చక్కగా మాట్లాడుతున్నాయి కదండీ" అంది. అతను తిరగలేదు. అక్క దగ్గరికొచ్చి, మెడ నరాలు ఉబ్బేలా అదే మాట మళ్లీ అంది. బావ తిరిగి ఆమె నోటివంకా, నా వంకా, చేతిలోని స్పానర్ వంకా చూశాడు. మెల్లగా ఇంజన్ ఆపేశాడు.

"అయితే మీ అక్కకి నామీద కోపం లేదా?" అని నన్నడిగాడు.