లూప్‌లో తిరిగిన సముద్రం

తొంభైల మొదట్లో నేను డబ్బింగ్ ఆర్టిస్టుని. హీరోయిన్ స్నేహితురాళ్ళకీ, గయ్యాళి వదినలకీ, సబ్బుల ప్రకటనలకీ నా గొంతే. కృష్ణానగర్‌లో ఒక్క గదిలో అమ్మా నేనూ ఉండేవాళ్ళం.

ఒకసారి ఫిల్మ్ నగర్ డబ్బింగ్ థియేటర్‌లో ఏదో డాక్యుమెంటరీకి తెలుగు వ్యాఖ్యానం చెప్పమన్నారు. భూమి వేడెక్కుతోందట, ఎక్కడో మంచు కరుగుతోందట, సముద్రాలు పొంగుతున్నాయట. నిజం చెప్పాలంటే నాకవి బొమ్మ నిడివికి సరిపెట్టాల్సిన మాటలే. అందులో మన తీరం కూడా ఉందంటే, సముద్రాన్ని చూసి సంతోషిస్తుందని అమ్మను వెంటబెట్టుకెళ్ళాను.

సముద్రపొడ్డున ఉన్న మా ఊరికి అమ్మ వెళ్ళి ఆరేళ్ళయింది. మూడేళ్ళ మా తమ్ముడు జ్వరంతో పోతే అక్కడి సమాధుల తోటలోనే పెట్టాం. ఏటా నవంబరులో సమాధుల పండుగకి అమ్మ సమాధికి సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగించేది. హైదరాబాదు వచ్చాక "వచ్చే ఏడు తప్పకుండా వెళ్దామమ్మా" అంటూ వాయిదా వేసింది నేనే. సరిగ్గా ఆ వారమే నాకు డబ్బింగ్ పడేది. పడకపోయినా పడిందనేదాన్ని.

ఆ రోజుల్లో డబ్బింగంటే లూప్. ఫిల్మును చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క రెండు కొసలూ అతికి మెషీన్‌కి ఎక్కిస్తే, మాట కుదిరేదాకా అదే బొమ్మ తెర మీద తిరుగుతూ ఉండేది. అమ్మను నా వెనక కుర్చీలో కూర్చోబెట్టి, ఎర్రలైటు వెలిగితే మాట్లాడొద్దని చెప్పాను.

నాలుగో లూప్‌లో సముద్రం వచ్చింది. కోసుకుపోయిన గట్టు, దాని మీద తెల్లగోడ, నీలం గేటు, గోడ వెనక సమాధులు. ఒక అల వచ్చి గట్టుకి తగిలింది. గోడ ఒరిగి, చివరి సమాధులతో సహా నీళ్ళలోకి జారిపోయింది. మళ్ళీ మొదలు. గోడ నిలబడే ఉంది.

నేను గుర్తుపట్టలేదు. నా ధ్యాసంతా కాగితం మీదే.

"అక్కా, జర తొందరగ చెప్పు. గోడ పడకముందే మాట అయిపోవాలె" అన్నాడు స్పీకర్లోంచి సౌండ్ ఇంజనీరు.

ఎర్రలైటు ఆరగానే అమ్మ నా కొంగు లాగింది. "ఆ గేటు మనదేనే. ఆ చివర ఉన్నది తమ్ముడిది."

అప్పుడు చూశాను. ముందు కోపం వచ్చింది, గోడ పడుతుంటే కెమెరా పట్టుకుని నిలబడ్డవాడి మీద. తరవాత నా మీద. ఆపమని చెప్పనా అని అడిగాను.

"వద్దు. నువ్వు సరిగ్గా చెప్పేస్తే ఈ బొమ్మ తీసేస్తారు కదా? ఈసారి కూడా తప్పు చెప్పవే. బొమ్మ మొదలైనప్పుడల్లా వాడిది అక్కడే ఉంటోంది."

తప్పు చెప్పాను. ఒకసారి మాట మింగాను, ఒకసారి దగ్గాను, ఒకసారి వాక్యం మధ్యలో ఆగిపోయాను. ప్రతిసారీ గోడ లేచి నిలబడేది. ప్రతిసారీ అమ్మ ముందుకు వంగేది. ఎన్నిసార్లయిందో నాకు గుర్తు లేదు.

"ఏమైందక్కా ఇయ్యాల? గొంతు మంచిగ లేదా? వేరేటోళ్ళను పిలుద్దామంటున్నరు సార్లు" అన్నాడు ఇంజనీరు.

ఆయన మంచికే చెప్పాడు. నాకు మాత్రం భయం వేసింది, పని పోతుందని. ఆరేళ్ళలో అమ్మ పండుగకి వెళ్దామన్నప్పుడు ఒక్కసారి కూడా వెయ్యని భయం అది.

ఎర్రలైటు వెలిగింది. "భూమి వేడెక్కుతోంది. సముద్రం మన గడప దాకా వస్తోంది" అని గోడ పడేలోపు తడబడకుండా చెప్పేశాను.

"ఓకే అక్కా, మస్తుగ వచ్చింది."

ఆ ముక్క తీసేసి వేరే లూప్ ఎక్కించారు. తెర మీదికి మంచుకొండలు వచ్చాయి. నాకు వెనక్కి తిరిగే ధైర్యం లేకపోయింది.

"బాగా చెప్పావులే" అంది అమ్మ.