సల్మా అన్నయ్యకు వేసిన దండ

నిన్న నా ఫొటోకి దండ పడింది! నేను బతికే ఉన్నాను, మీరు చూస్తూనే ఉన్నారుగా. తప్పంతా నాదే. టీ చల్లారేలోపు చెప్పేస్తాను.

నేను ఇక్కడ, ఈ పరాయి దేశంలో, ఉంటర్‌ఫ్యోరింగ్ అనే ఊళ్లో ఒక ఆఫీసు క్యాంటీన్‌లో వంట చేస్తాను. పక్క పొయ్యి సల్మాది. ట్యునీషియా మనిషి, మా బిల్డింగ్‌లోనే పై అంతస్తులో ఉంటుంది. ఈ ఏడాదంతా ఒకటే గోడు.

"షెఫ్, మా దేశంలో నోరు విప్పినవాళ్లని జైల్లో వేస్తున్నారు. ఇంట్లోవాళ్లు ఫొటోలు పట్టుకుని వీధుల్లో నడుస్తున్నారు."

"పొయ్యి దగ్గర రాజకీయాలొద్దు. ఉల్లిపాయలు మాడతాయి" అనేవాణ్ణి. పని వేళ పనే, అది నా నియమం.

మొన్న ఆమె పనికి రాలేదు. వాళ్ల అన్నయ్య విషయమేదో అన్నారు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి పొగమంచు, చీకటి. మెట్ల మీద లైటు వెలగలేదు. పైన ఏదో వెలుతురు కనబడి రెండు మెట్లెక్కి చూశాను. సల్మా తలుపు బార్లా తెరిచి ఉంది. బయట చెప్పుల గుట్ట. లోపల నల్లబట్టల్లో జనం, ఒక్కరి నోటా మాట లేదు. కుర్చీలో ఒక మగమనిషి ఫొటో. అందరి చూపూ దాని మీదే.

ఇంకేం అడగాలి? ఇంట్లో ఉన్న చామంతులు తెంపి దండ గుచ్చాను.

"ఏమండీ, ఒక్కమాట కనుక్కుని వెళ్లండి" అంది మా ఆవిడ.

"చావింట్లో ప్రశ్నలేమిటి? బుద్ధుండాలి" అన్నాను.

వెళ్లి ఫొటోకి దండ వేశాను. అగరుబత్తి వెలిగించి చేతులు జోడించాను. ఎవరూ కదల్లేదు. ఊపిరి తీసుకుంటున్నట్టు కూడా లేదు. పొగలో ఆ ఫొటోలోని కళ్లు నన్నే చూస్తున్నాయి.

అప్పుడు ఫొటో పిలిచింది. "సల్మా!"

పొగ వెనక అదే ముఖం కదులుతోంది. బుగ్గలు పీక్కుపోయి, గడ్డం మాసి ఉంది. అది ఫొటోకి ఆనించిన ఫోనని తెలిసేసరికి నేను గుమ్మం బయట చెప్పుల గుట్ట మీద కూలబడి ఉన్నాను!

"వదిలేశారు! జైలు నుంచి వదిలేశారు!" సల్మా ఏడుస్తూ ఫోను గదంతా తిప్పి చూపించింది. ఆ ఫొటో, ఆ నల్లబట్టలు నిరసనకట; అందరూ నోరు మూసుకుని ఎదురుచూసింది ఈ ఫోను కోసమట. అన్నయ్య తన ఫొటో తనే చూసుకున్నాడు. ఏదో అడిగాడు.

"షెఫ్, ఈ పూలెందుకంటున్నాడు?"

నేను అబద్ధమాడను. "మా దగ్గర... జైలు నుంచి వచ్చినవాళ్లకి దండ వేస్తాం" అన్నాను. నిజమే కదా! కాకపోతే వేసేది మనిషి మెడలో.

అతను కళ్లు తుడుచుకున్నాడు. సల్మా నా చేతులు పట్టుకుంది. "నా మాటలు వినడం లేదనుకున్నాను షెఫ్. అన్నీ విన్నారన్నమాట!"

వంగి ఆ గుట్టలో నా చెప్పులు వెతుక్కున్నాను.

నిన్న పనికి వెళ్తే, కౌంటర్ పైన గోడకి నా ఫొటో! పెద్దది చేయించి, చామంతి దండ వేసి, కింద దీపం కూడా పెట్టింది. "మీ పద్ధతిలోనే గౌరవం, షెఫ్!" అని సల్మా మెరిసిపోతోంది. వద్దని ఏ నోటితో అనను?

మధ్యాహ్నం మన తెలుగు ఐటీ పిల్లలు ట్రేలతో వచ్చి ఆగిపోయారు.

"అయ్యో, మొన్నే కదరా, అన్నం పారేశానని నన్ను తిట్టాడు!"

"పాపం, మనిషి మంచోడేరా."

నేను గరిటెతో వెనక నుంచి వచ్చి, "బాబూ, నేను బతికే ఉన్నాను" అన్నాను.

ట్రేలు ఎగిరిపడ్డాయి. జన్మలో అబద్ధమాడనని పేరున్నవాణ్ణి. ఆ ఒక్క నిజం మాత్రం ఎవరూ నమ్మలేదు.