చిన్నాయన చూపిస్తానన్న కొండ

మా చిన్నాయన పోయాడు. ఆ రోజు పొద్దున్నే వంటింట్లో పాలు కాస్తుంటే కడప పక్క పల్లె నుంచి ఆయన భార్య ఫోన్ చేసి, "మీ చిన్నాయన నిద్దర్లోనే పోయినాడమ్మా" అంది. పాలు పొంగి స్టవ్ మీద పడ్డాయి. నేను చూస్తూ నిలబడిపోయాను.

సొంత చిన్నాయన కాదు. దోహాలో, మెసైమీర్ వైపున్న ఈ ఇంట్లో ఆయన డ్రైవరు, నేను వంటమనిషిని. మా కోనసీమలో బాబాయ్ అంటాం. "బాబాయ్ గీబాయ్ వద్దు. చిన్నాయనా అను, ఊర్లో ఉన్నట్టుంటాది" అన్నాడు నేను వచ్చిన కొత్తలో. అదే స్థిరపడిపోయింది.

వాళ్ళ ఊరి వెనక కొండ ఉంది. అడవిలోంచి కాలిదారి, పైన ఒక ఊట. చిన్నప్పుడు మేకల వెంట తిరిగిన దారట. నేను పుట్టిందేమో కొబ్బరితోటల్లో. గోదావరి గట్టు తప్ప ఎత్తన్నదే ఎక్కి ఎరగను. "కొండ మీద అడవంటే ఎలా ఉంటదండీ చిన్నాయనా?" అని ఓసారి అడిగాను. అంతే, పట్టుకున్నాడు.

"సెలవుల్లో మా ఊరికి రా, తీస్కపోతా. చిన్న దావే. మీ పిన్నమ్మ సంగటి కట్టిస్తాది. ఎండ ముదిరేలోపల దిగొస్తాం."

అనడం తేలికే. ఒకే ఇంట్లో డ్రైవరుకీ వంటమనిషికీ ఒకేసారి సెలవు ఎవరిస్తారు చెప్పండి? ఆయన ఊరెళితే నేనుండాలి, నేనెళితే ఆయనుండాలి. ఎన్నేళ్ళు గడిచాయో అలా. ఈ వేసవిలో మేడం వాళ్ళు విదేశం వెళ్తున్నారని ఇద్దరికీ కలిసొచ్చింది. ఆయన ముందు వెళ్ళాడు. నేను వెనక వెళ్ళాలి.

పాలరాతి నేల తుడిచి తుడిచి నా మోకాలు ఎప్పుడో అరిగింది. "ఈ కాలేసుకుని కొండేంటండీ, నా మొహం!" అంటే ఊరుకునేవాడా? మేడంతో పాటు సామాన్లు మోయడానికి నన్నూ మాల్‌కి తీసుకెళ్ళేవారు. ఆవిడ లోపల ఉన్నంతసేపూ చిన్నాయన నాచేత పార్కింగ్ ర్యాంపు ఎక్కించేవాడు. ఈ చదును దేశంలో అంతకంటే వాలు ఎక్కడ దొరుకుతుంది! "ఎక్కేటప్పుడు నోరు మూసుకోవల్ల. దిగేటప్పుడు ఎన్ని కతలైనా చెప్పుకోవచ్చు" అనేవాడు. కాపలా అతను "యల్లా, యల్లా! వాకింగ్ మాఫీ!" అని, ఇక్కడ నడకలు కుదరవు పొమ్మని తరిమేవాడు.

ఒకరోజు ధ్యాసంతా ఎక్కడం మీదే ఉండి, కారు ఏ అంతస్తులో పెట్టామో మరిచిపోయాం. మేడం ఫోన్ మీద ఫోన్. తిట్లు అరబ్బీలోనూ తిన్నాం, ఇంగ్లీషులోనూ తిన్నాం. ముందు సీట్లో ఆయన భుజాలు నవ్వుతో కదిలిపోతుంటే, వెనక నేను నోట్లో చున్నీ కుక్కుకుని కూర్చున్నాను.

ఇక్కడ చెట్లు లేవని కాదు. చిన్నాయన వాటిని చూసి పెదవి విరిచేవాడు. "పైపు కట్టేస్తే వారంలో ఎండిపోతాయి. ఎవరూ నీళ్ళు పొయ్యకుండా పెరిగిన చెట్టు కింద నిన్ను కూచోబెట్టల్ల" అనేవాడు. ఆ మాట విన్నప్పటి నుంచీ నాకు ఆ నీడ మీదే మనసు. కూరలు తరుగుతున్నా అదే ధ్యాస. ఇప్పుడాయన మీద ఎంత కోపమొస్తోందో! ఆశపెట్టి పోతే ఎలా?

కొత్త డ్రైవరు కుదిరేదాకా విదేశం వెళ్ళేది లేదంది మేడం. నా సెలవూ ఆగిపోయింది. చిన్నాయన దినకార్యం అయిన కొన్ని వారాలకి, ఆ సంగతి చెబుదామని పిన్నికి ఫోన్ చేశాను.

"ఊర్లో దిగినప్పట్నుంచీ కొడవలి తీస్కోని కొండకే పోయినాడు" అంది. "నీకు గుచ్చుకోకుండా ముళ్ళకంప అంతా కొట్టినాడు. నీ మోకాలికని మలుపు మలుపుకీ ఒక చదును రాయి దొర్లించి పెట్టినాడు."

"వానలు పడితే దారి మళ్ళీ మూసుకుపోద్దేమో పిన్నీ" అన్నాను.

"యాడ మూసుకుపోతాది? నేను పోయి కొట్టొస్తాండాలే."

పొలం పని చూసుకుని, వీలైనప్పుడల్లా ఆవిడే పైకి వెళ్తోందట. దారి మీదికి వచ్చిన కొమ్మలు నరికి, రాళ్ళ మీద రాలిన ఆకులు చీపురుతో ఊడుస్తోందట. అలిసిపోతే పక్కనే నేల మీద కూలబడుతుందట.

"రాయి మీదే కూర్చోవచ్చు కదండీ పిన్నీ?"

"అవి నీకు పెట్టినాడు గదమ్మా" అంది.