ఆంటీ తులసమ్మ, నా థాయ్ బీఫ్ వేపుడు

గుప్పెడు ఆకులతో ఇటు పరువు, అటు ప్రేమ, పైన పరలోకం అన్నీ ఒకేసారి పోగొట్టుకోబోయిన మహానుభావుణ్ణి మీరెప్పుడూ చూసి ఉండరు. చూడండి, నేనే.

డునెడిన్‌కి చదువుకోవడానికి వచ్చిన కొత్తలో, చలికి వణుకుతున్న నన్ను పిలిచి అన్నం పెట్టిన తల్లి రాజ్యలక్ష్మి ఆంటీ. ఆవిడ ఇండియా వెళ్తూ తన తులసి కుండీని మా ఫ్లాట్‌కి తెచ్చి, పసిబిడ్డను అప్పగించినట్టు నా చేతుల్లో పెట్టింది.

"ఆంటీ, మేం క్రిస్టియన్స్ కదా..." అని నసిగాను.

"అయితే ఏంటి నాన్నా? నువ్వు ఏ దేవుడికి దణ్ణం పెట్టుకున్నా దీనికి కావాల్సింది నీళ్లే. ఈ చలికి వేసినవన్నీ పోయాయి, ఇదొక్కటే బతికింది. జాగ్రత్త!"

వంటగది కిటికీలో పెట్టి, నేను తిన్నా తినకపోయినా దానికి నీళ్లు మాత్రం తప్పించలేదు. అంతా బాగానే ఉండేది, మా ఫ్లాట్‌లో నోక్ అనే థాయ్ అమ్మాయి లేకపోతే. ఆ పిల్ల నవ్విన రోజు క్లాసులో ఏం చెప్పారో నాకు గుర్తుండేది కాదు. పుట్టినరోజుకి ఏం కావాలని అడిగితే, "మా అమ్మ చేసే బీఫ్ వేపుడు. కారంగా!" అంది.

మాది తెనాలి. ఆదివారం చర్చి నుంచి రాగానే మా ఇంట్లో అదేగా! కాకపోతే మా అమ్మ పొయ్యి మీద మాంసం మధ్యాహ్నం దాకా మగ్గుతుంది. నోక్ చెప్పిన పద్ధతిలో సన్నగా తరిగిన ముక్కలు, దంచిన వెల్లుల్లి, పచ్చిమిర్చి పెద్ద మంట మీద పడి, మనం తుమ్మేలోపు దిగిపోవాలి.

"చివర్లో బేసిల్ ఆకు మర్చిపోకు, కట్ట కిటికీలో పెట్టాను. అది లేకపోతే వేపుడే కాదు" అని చెప్పి, పళ్లేలు సర్దడానికి వెళ్లింది.

బాణలిలోంచి ఘాటు లేచింది. కిటికీ అవతల సముద్రం మీద పొగమంచు, ఇవతల మిరప పొగ. రెండింటి మధ్యా నేను తేలిపోయాను. కలలో నోక్ వాళ్లమ్మ తెనాలి వచ్చింది. మా అమ్మ ఆవిడకి గోంగూర వడ్డిస్తోంది. ఒకరి భాష ఒకరికి రాదు, అయినా ఇద్దరూ విరగబడి నవ్వుకుంటున్నారు. ఎంత హాయిగా ఉందో!

"ఆకు! ఆకు వెయ్యి!" అని నోక్ కేక.

కల పూర్తిగా వదలకుండానే చెయ్యి చాచాను. చేతికందిన ఆకునల్లా దూసి బాణలిలో పడేశాను.

నోక్ ఒక ముద్ద తిని కళ్లు మూసుకుంది. తెరిచేసరికి అవి తడిగా ఉన్నాయి. "అచ్చం మా అమ్మ వంట. బజారు బేసిల్ ఇలా ఉండదే, ఈ ఆకు నీకెక్కడిది?"

అప్పుడు చూశాను కిటికీ వైపు. బజారు బేసిల్ కట్ట విప్పకుండానే ఉంది, దాని చుట్టం తులసి కుండీలో మాత్రం పుల్లలు నిలబడి ఉన్నాయి. ఆకు దూయనేల, ఆంటీకి జడవనేల!

సరిగ్గా అప్పుడే ఆంటీ వీడియో కాల్.

"ఏంటి నాన్నా, ఆ పొగంతా? ధూపం వేశావా?"

"అంటే... ఆంటీ..."

"బంగారు తండ్రి! ఏదీ, నా తులసమ్మని చూపించు."

ఫోను కుండీ వైపు తిప్పాను. ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని ఫోనుకి దగ్గరగా వచ్చింది. నాకు పెట్టిన అన్నమంతా గుర్తొచ్చింది.

"ఆంటీ, నన్ను క్షమించండి, నేను..."

"కొమ్మలు తుంచేశావా?"

"ఆకులు కూడా..."

"ఎంత మంచి పని చేశావురా! తుంచితేనే గుబురుగా చిగురిస్తుంది. నాకే చేతులు రాక వదిలేశాను."

ఆవిడ తిరిగొచ్చేసరికి మొక్క నిజంగానే గుబురుగా లేచింది. ఆంటీ ఊరంతా చాటింది. ఇప్పుడు డునెడిన్‌లో ఏ ఆంటీ ఇండియా వెళ్లినా ఆవిడ తులసి కుండీ మా కిటికీలోనే ఉంటుంది. ఆ ఆకులు ఎక్కడికి పోయాయో మాత్రం చెప్పే ధైర్యం నాకింకా రాలేదు.

కాబట్టి ఈ కుండీలన్నీ చూస్తుండగా, బైబిల్ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: పొయ్యి ముందు పగటికలలు కనను, పరాయి తులసి ముట్టను.

ఈ మాట పైకి చదివి వినిపించగానే మా ఆవిడ నోక్ నవ్వింది. కిటికీ వైపు ఓసారి చూసి, వెల్లుల్లి దంచడం మొదలుపెట్టింది.