ప్రెసిడెంటు గారి పునుగులు

శివరాత్రి పొద్దున్నే గురవమ్మ గోళెం నిండా మినప్పిండి కలిపి, తడిగుడ్డ కప్పి కూర్చుంది. పొయ్యి వెలిగించడానికి ఇంకా స్కూలు కమిటీ సెలవు కాలేదు.

నకరికల్లు బస్టాండు దగ్గర పునుగులు వేసి ఇద్దరు ఆడపిల్లల్ని చదివిస్తున్న మనిషి. వాళ్ల స్కూలు వానొస్తే లోపలే ఎక్కువ తడుస్తుంది. కొత్త పైకప్పు కోసం కోటప్పకొండ తిరునాళ్లలో ఒక్కరోజు కొట్టు పెడదామని ఊరివాళ్లంటే, కూలి లేకుండా వస్తానంది.

కమిటీలో అందరూ మగవాళ్లే. పొయ్యి ముట్టించిన చరిత్ర ఒక్కరికీ లేదు. కొట్టు లైసెన్సు దరఖాస్తులో గురవమ్మ పేరు రాయబోతే ప్రెసిడెంటు ఆంజనేయులు అడ్డం పడ్డాడు. "ఆడమనిషి పేరు రాస్తే ఊళ్లో ఆ ఎదురు పార్టీ పెదకోటయ్య మనుషులు నవ్వరంట్రా?" అని యజమాని, బాధ్యుడు, వంటమనిషి అన్నచోటల్లా తన పేరే రాయించుకున్నాడు. వండేవాళ్లకు ఉండాల్సిన డాక్టరు సర్టిఫికెట్టూ తనకే తెచ్చుకున్నాడు.

శానిటరీ ఇన్‌స్పెక్టరు ఖాదర్ వలి వచ్చి, పొయ్యి మీది తాటాకు పందిరి పీకించి రేకులు వేయించాడు. ఇసుక బకెట్లు, మూతపెట్టిన నీళ్ల డ్రమ్ము చూసి బాగున్నాయన్నాడు. తర్వాత లైసెన్సు అడిగాడు.

"ఆంజనేయులు ఎవరు?"

"నేనేనండీ," అన్నాడు ప్రెసిడెంటు, కండువా సర్దుకుంటూ.

"గోళ్లు చూపించండి. తలకు గుడ్డ కట్టుకోండి. ఇందులో పేరున్న మనిషి తప్ప ఇంకొకరు వండితే కొట్టు మూయిస్తాను."

ఇన్‌స్పెక్టరు పక్క కొట్టు దగ్గర కుర్చీ వేయించుకున్నాడు.

"పిండి పులిసిపోద్ది మావా. మూసేద్దామా?" అంది గురవమ్మ.

"మూస్తే ఆ పెదకోటయ్య నన్ను ఊళ్లో తిరగనిస్తాడా? ముట్టించవే పొయ్యి!"

"నేను చెయ్యి పెట్టగూడదంటగా. నువ్వే ముట్టించు."

మొదటి వాయి బొగ్గులైంది. గురవమ్మ స్టూలు మీద కూర్చుని, "అంతంత ముద్దలేంది మావా! అయ్యి పునుగులు, పిడకలు గాదు," అంటూ దారిలో పెట్టింది.

కబురు ప్రభల కంటే ముందే కొండ చుట్టూ తిరిగింది. పెదకోటయ్య తన మనుషులందరితో వచ్చి వరసలో నిలబడ్డాడు. "ఏంది బావా, చానా కష్టపడతన్నావ్! నాకు రెండు ప్లేట్లు. కాస్త ఎర్రగా ఏగనియ్యి," అన్నాడు. వాళ్లు తిని, మళ్లీ వరస చివరికి పోయి నిలబడ్డారు. మాడినవి ముందు అమ్ముడుపోయాయి. ఎండ దిగకముందే గోళెం ఖాళీ.

ఆ వేసవిలో స్కూలుకు పైకప్పు పడింది. ప్రహరీగోడ కోసం మరుసటి ఏడు మళ్లీ కొట్టు పెట్టారు. ఈసారి లైసెన్సు గురవమ్మ పేరునే ఉండాలని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. పునుగులు బ్రహ్మాండంగా కుదిరాయి. సగం పిండి మిగిలిపోయింది.