కోణమానిని మీద సన్న గీతలు

గోదావరిఖనిలో మా ప్రాథమిక పాఠశాల ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనికి దగ్గర. మధ్యాహ్నం బ్లాస్టింగ్ జరిగినప్పుడు కిటికీ రెక్కలు అదురుతాయి, బెంచీల మీద నల్లటి దుమ్ము సన్నగా పరుచుకుంటుంది. పిల్లలు తల కూడా ఎత్తరు. నేను అక్కడ లెక్కలు చెబుతాను. ఐదో తరగతిలో కోణాల పాఠం వచ్చిందంటే ప్రతి సంవత్సరం నాకు బెంగే. కోణమానిని మీద అంకెలు రెండు వరసలుగా ఉంటాయి, ఒకటి ఎడమ నుంచి, ఒకటి కుడి నుంచి. అరవై చదవాల్సిన చోట సగం మంది నూట ఇరవై అంటారు. "అంకె తర్వాత చూడండి. ముందు ఆ కోణం పుస్తకం మూలకన్నా చిన్నదా, పెద్దదా చెప్పండి" అని గొంతు పోయేదాకా చెబుతాను.

ఆ ఏడాది మూడో బెంచీలో ఒక అమ్మాయి ఉండేది. తండ్రి గనిలో కాంట్రాక్టు కూలీ, తల్లి ఇంట్లో బట్టలు కుట్టేది. మూడో తరగతి నుంచీ నా దగ్గరే చదివింది. ఒకసారి విన్న పాఠం మళ్లీ అప్పజెప్పేది. ఇరవయ్యో ఎక్కం దాకా నోటికి వచ్చు. పుస్తకంలో కోణం కొలవమంటే జవాబు సరిగ్గానే రాసేది కానీ, గీయమంటే మాత్రం గీత ఎటో పోయేది. తొందరపాటు అనుకున్నాను.

ఒకరోజు డెబ్బై డిగ్రీల కోణాన్ని కొలవమంటే పక్కమ్మాయి తప్పు వరస చదివి నూట పది అని రాసింది. ఈ అమ్మాయి పుస్తకంలోనూ నూట పదే ఉంది.

"పక్కదాంట్లో చూసి రాశావా?" అని అడిగాను.

"చూసి రాయలే టీచర్. ఇని రాసిన."

ఎదురు చెబుతోందని కోపం వచ్చింది. బెల్లు కొట్టేదాకా నిలబెట్టాను.

మర్నాడు కాపీ కొట్టకుండా ఒక్కొక్కరి పుస్తకంలో వేరువేరు కోణాలు గీసిచ్చాను. ఆ అమ్మాయి కోణమానిని పెట్టింది, తిప్పింది, ముక్కు కాగితానికి తగిలేంతగా వంగింది. చివరికి పెన్సిల్ కింద పెట్టేసి చేతులు ఒళ్లో పెట్టుకుంది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

"ఈ గీత ఏ అంకె దగ్గరికి పోయింది?"

గీత మీద వేలు పెట్టి అటూ ఇటూ జరిపింది.

"అంకెలు కనబడుతున్నాయా?"

"పెద్దయి కనవడ్తయి. గీతలన్ని కలిసిపోయి నల్లగ ఉంటయి."

"మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా?"

"అందరికి గట్లనే ఉంటయనుకున్న టీచర్."

అంతకుముందు సంవత్సరం బడిలో పిల్లలందరికీ కళ్ల పరీక్ష జరిగింది. ఆ సంగతి అడిగాను. "నా ముందటోళ్లు సదివింది ఇన్న. గదే చెప్పిన. తప్పు చెప్తే ఫెయిల్ చేస్తరనుకున్న" అంది. ఆ రోజు అక్షరాల బోర్డు పక్కన రిజిస్టరు పట్టుకుని కూర్చున్నది నేనే. ఆమె పేరు ఎదురుగా టిక్కు పెట్టింది నా చెయ్యే.

తల్లిని పిలిపించి చెప్పాను. ఆమె కొంగు వేలికి చుట్టుకుంది. "సూదిల దారం ఎక్కియ్యి బిడ్డా అంటే ఎక్కియ్యకపోయేది మేడం. ఒళ్లు వంగుతలేదని తిట్టిన" అంది.

రెండో శనివారం ముగ్గురం కరీంనగర్‌లో కంటి దవాఖానకు వెళ్లాం. డాక్టరు చాలాసేపు పరీక్ష చేశాడు. రెండు కళ్లకూ పవరు పుట్టినప్పటి నుంచీ ఎక్కువగా ఉందన్నాడు. "చిన్నప్పుడే అద్దాలు పెడితే చూపు మంచిగ వచ్చేది. ఇప్పుడు పెడితే కొంత వస్తది. పూర్తిగ వస్తదని నేను చెప్పలేను" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో అమ్మాయి కిటికీ పక్కన నిద్రపోయింది. తల్లి మెల్లగా అంది, "మూడో తరగతి కాంచి మీ తాననే ఉండె గద మేడం." నిందగా అనలేదు. ఏదో లెక్క చూసుకుంటున్నట్టు అంది. పెద్దపల్లి దాటేదాకా ముందు సీటు కమ్మీని పట్టుకుని అలాగే కూర్చున్నాను.

మందపాటి అద్దాలు వచ్చాయి. నల్లబల్ల మీద అక్షరాలు తేలికయ్యాయి కానీ, కోణమానిని మీది సన్న గీతలు విడివిడిగా కనబడలేదు. నల్లబల్ల కోసం వాడే పెద్ద చెక్క కోణమానిని తీసి నేల మీద పెట్టి, సుద్దముక్క చేతికిచ్చాను. మోకాళ్ల మీద కూర్చుని నలభై గీసింది, డెబ్బై అయిదు గీసింది, నూట ముప్పై అయిదు గీసింది. మూడూ సరిపోయాయి. అంటే ఆమెకు పాఠం ఎప్పుడో అర్థమైంది.

కానీ వార్షిక పరీక్షలో కాగితం అచ్చులో వస్తుంది. అందులో కోణాలు బొటనవేలంత ఉంటాయి. ఆమెకు అదే బొమ్మను పెద్దగా గీసిస్తానని హెడ్మాస్టరు గారిని అడిగాను. "నాకు మాత్రం పాపమని లేదా మేడం? చూపు తక్కువని సర్టిఫికెట్ ఉంటే పైకి రాద్దుము. డాక్టర్ ఏమో గంత తక్కువ లేదనవట్టె. నేనేం చెయ్యాలె చెప్పుండ్రి" అన్నారు. ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి కూడా ఏమీ దొరకలేదు.

పరీక్ష రోజు ఆ గదిలో కాపలా నాదే. కోణాల ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఆమె కాగితాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి చూసింది. అద్దాలు తీసి తుడుచుకుంది. నా వైపు చూసింది. నేను బల్ల మీది కట్టలు సర్దుతున్నట్టు నటించాను. పక్కమ్మాయి పెదాలు కదపకుండా "యాభై" అంది. నాకే వినబడింది, ఆమెకు వినబడకుండా ఉండదు. ఆమె రాయలేదు. ఆ జాగా ఖాళీగా వదిలేసి తర్వాతి లెక్కకు వెళ్లిపోయింది.

ఆమె ఆరో తరగతికి హైస్కూలుకు వెళ్లింది. నేను వెళ్లి అక్కడి లెక్కల సారుకు విషయమంతా చెప్పాను. మంచివాడే, ముందు బెంచీలో కూర్చోబెడతానన్నాడు. "కానీ క్లాసుల యాభై మంది పైన ఉన్నరు మేడం" అన్నాడు. ఈ మధ్య కూరగాయల మార్కెట్లో తల్లి కనబడింది. అమ్మాయి తెలుగులో, సాంఘికంలో బాగా చదువుతోందట. "లెక్కలంటెనే ఏడుస్తది మేడం. గా కంపాస్ డబ్బా మూత తియ్యది" అంది.

ఇప్పుడు వీలైన ఆదివారాలు ఆ చెక్క కోణమానిని పట్టుకుని వాళ్లింటికి వెళుతున్నాను. నేల మీద సుద్దతో గీస్తుంది, ఒక్క కోణమూ తప్పదు. "ఇది కాయితం మీద ఎట్ల గీయాలె టీచర్?" అని ప్రతిసారీ అడుగుతుంది. చూద్దాంలే అంటాను.